ఈ20 పెట్రోల్: ట్యూన్ చేసిన కారులో ఇథనాల్ ఎంతుందో తెలిసేదెలా? సెన్సార్ లెక్కలో 50 తీసేస్తే చాలు!

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, 45 మీద రాత్రి పదయ్యాక టర్బో కార్ల చప్పుడు కొత్తేమీ కాదు. ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే, షూటింగ్‌ల వల్ల వారాల తరబడి కవర్ కిందే ఉండిపోయే స్పోర్ట్స్ కార్లూ కనిపిస్తాయి. పవర్ కోసం ట్యూనింగ్ చేయించిన ఇలాంటి కార్లకు ఇప్పుడు ఓ లెక్క తప్పనిసరి అయింది. ట్యాంకులో ఉన్న పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత?

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ను ప్రధాని మోదీ 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభించారు. 2030కి పెట్టుకున్న టార్గెట్‌ను కేంద్రం 2025-26కే ముందుకు జరిపింది. దీనిపై వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే ఈ20 మనతోనే ఉంటుందన్నమాట.

మరి ట్యూనింగ్ కారుకే ఎందుకింత టెన్షన్? కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కాబట్టి అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలి. తక్కువ ఇథనాల్‌కు ఈసీయూ మ్యాప్ రాయించి, ఎక్కువ ఉన్న పెట్రోల్ పోయిస్తే ఇంజిన్‌కు ఇంధనం చాలదు. మామూలు స్పీడ్‌లో ఆక్సిజన్ సెన్సార్ సర్దేస్తుంది. కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, ఇంజెక్టర్లు అప్పటికే చివరికొచ్చి ఉంటే ఏ సెన్సారూ ఏమీ చేయలేదు. రివర్స్‌లో జరిగితే ఇంకా డేంజర్. ఇథనాల్ ఇంజిన్ నాకింగ్‌ను బాగా ఆపుతుంది. ఆ ధైర్యంతోనే ట్యూనర్లు టర్బో బూస్ట్ పెంచుతారు. తర్వాత ఇథనాల్ తక్కువున్న పెట్రోల్ పడిందో.. పిస్టన్లకే ఎసరు!

అందుకే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సార్. ఇంధనం పైపులో బిగించే ఈ చిన్న పరికరం డై ఎలక్ట్రిక్ విలువను చూస్తుంది. పెట్రోల్‌కు అది సుమారు 2, ఇథనాల్‌కు 25 దాకా ఉంటుంది. ట్యూనర్లు ఎక్కువగా వాడే జీఎం రకం సెన్సార్ 50 నుంచి 150 హెర్ట్జ్ మధ్య సిగ్నల్ ఇస్తుంది. అందులో 50 తీసేస్తే మిగిలేదే ఇథనాల్ శాతం. 70 హెర్ట్జ్ వచ్చిందంటే ఈ20. ఆ నంబర్ చూసి ఈసీయూ మ్యాప్‌ను తనే మార్చుకుంటుంది. బంకు నుంచి బయటకు రాగానే చూస్తే మాత్రం పాత రీడింగే కనిపించొచ్చు, పైపులో ఉన్నది పాత ఇంధనమే కదా!

బోర్డు మీద పేరు చూసి లెక్కేసుకోవచ్చు కదా అంటారా? అమెరికాలో ఈ85 పేరుతో అమ్మేదాంట్లోనే ఇథనాల్ 51 నుంచి 83 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఆక్టేన్ నంబర్ కూడా ఇథనాల్ శాతాన్ని చెప్పదు. బంకులో చూపించే డెన్సిటీ అంతకన్నా చెప్పదు.

సెన్సార్ లేనివాళ్లకు పాత పద్ధతి ఉంది. కొలత గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. పెట్రోల్ పోసి, మూత పెట్టి కదిపి, కాసేపు వదిలేయాలి. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లలో కలుస్తుంది. కింది పొర 10 నుంచి 28 మి.లీ.కి పెరిగితే, 90కి 18.. అంటే 20 శాతం. కాస్త అటూ ఇటూ అవుతుంది, అయినా అంచనాకు సరిపోతుంది. ఇది ఆరుబయటే చేయాలి. దగ్గర్లో మంట, సిగరెట్ ఉండకూడదు. ఆ పెట్రోల్‌ను మళ్లీ ట్యాంకులో పోయొద్దు.

ఇక కవర్ కింద ఉండిపోయే కార్ల సంగతి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు లాగేది అక్కడి నుంచే. నీళ్ల డై ఎలక్ట్రిక్ విలువ 80 దాకా ఉంటుంది కాబట్టి సెన్సార్ వాటిని ఇథనాల్ అనుకుని మోసపోతుంది. నెలన్నర ఔట్‌డోర్ షెడ్యూల్ ముగించుకుని వచ్చి కారు స్టార్ట్ చేస్తే రీడింగ్ 150 దాటి 180 దాకా వెళ్లిందంటే, అది ఇథనాల్ కాదు. ఇంజిన్ ఆపేసి ట్యాంకు ఖాళీ చేయించాల్సిందే.