అరగడానికే పుట్టిన డిస్కు

పెద్ద ఎస్‌యూవీ ఒకటి ముందు బ్రేకులు అరిగి షెడ్డుకు వచ్చిందంటే మెకానిక్కుకీ ఓనరుకీ బేరం ఎప్పుడూ ఒకే చోట తెగదు: ప్యాడ్లు సరే, డిస్కులు కూడా మార్చాలా? ప్యాడ్ అరిగే సరుకనీ, డిస్కు బండితో వచ్చి బండితోనే పోయే ఇనుప పళ్లెమనీ మనకో నమ్మకం. ఆ నమ్మకం తప్పని నా వాదన. ప్యాడ్ పని పట్టుకోవడంతో సరి. బండి వేగం వేడిగా మారాక ఆ వేడిలో చాలా భాగం మోయాల్సింది డిస్కే. లెక్క వేసి చూద్దాం. 2,500 కిలోల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని చలనశక్తి సుమారు 9.6 లక్షల జౌళ్లు. మూడు లీటర్ల కుళాయి నీళ్లు మరగడానికి అది చాలు. గట్టిగా బ్రేకు తొక్కగానే బరువు ముందుకు ఒరుగుతుంది కనుక అందులో 70 శాతం దాకా ముందు చక్రాల వాటాకే వస్తుంది. అంటే ఒక్కో ముందు డిస్కుకు 3.4 లక్షల జౌళ్లు. పది కిలోల పోత ఇనుము అంత వేడిని పుచ్చుకుంటే ఒక్క ఉదుటున 70 డిగ్రీలు వేడెక్కుతుంది. ఇది ఒక్కసారి ఆపినందుకు. అదే బండి తిరుమల ఘాట్ లాంటి దారిలో, గేరు సాయం తీసుకోకుండా బ్రేకు మీదే దిగితే, ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ 24 లక్షల జౌళ్ల పైచిలుకు వేడి పుడుతుంది. పైగా మలుపుకీ మలుపుకీ మధ్య చల్లారే వ్యవధి ఉండదు.

డిస్కు బ్రేకు చరిత్రను మలుపు తిప్పింది కూడా ఈ వేడే. 1902లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పళ్లెం, దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కే దవడలు: ఊహ అచ్చం ఈనాటిదే. అయితే ఆ దవడలకు ఆయన తొడిగింది రాగి. లోహం మీద లోహం రాసుకుని చెవులు చిల్లులు పడేలా కీచుమనేది. దుమ్ము రోడ్ల మీద రాగి ఇట్టే అరిగిపోయేది. తర్వాత హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ తొడుగుతో ఆ గోల అణిచాడు గానీ, కార్ల లోకం డ్రమ్ము బ్రేకు వైపు మొగ్గింది. అందుకు మంచి కారణమే ఉంది. డ్రమ్ము తిరుగుతూ తిరుగుతూ రాపిడితో, లోపలి నుంచి దాన్ని నొక్కే ముందు షూను తన మీదికి ఇంకా గట్టిగా లాక్కుంటుంది. కాలితో తొక్కిన బలం దానంతటదే పెరుగుతుంది. ఆ సుగుణమే వేడెక్కినప్పుడు శత్రువవుతుంది: రాపిడి కాస్త తగ్గితే లాక్కోవడమూ తగ్గి, ఆపే శక్తి అంతకు మించి పడిపోతుంది. దానికి తోడు వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, పెడల్ లోపలికి దిగిపోతుంది. డిస్కు కూడా వ్యాకోచిస్తుంది, కాకపోతే ప్యాడ్ల వైపుకే. ఈ పోటీలో సగం తీర్పు జ్యామితి చెప్పేసింది. మిగతా సగం 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో తేలింది. డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సీ-టైప్ కార్లకు ఎదురుగా పెద్ద ఇంజన్ల ఫెరారీలు దిగాయి, డ్రమ్ములతో. పొడవాటి తిన్నని దారి చివర, డ్రమ్ము బండ్లు ముందుగానే బ్రేకు తొక్కాల్సి వస్తే, జాగ్వార్లు మలుపు దగ్గర పడేదాకా ఆగి తొక్కాయి. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ గెలిచింది. ఇరవై నాలుగు గంటల సగటు వేగం గంటకు నూరు మైళ్లు దాటడం ఆ పందెంలో అదే మొదలు.

డిస్కు బ్రేకులో అసలు తెలివి ఎక్కడుందంటే నేను చూపించేది ప్యాడ్లను డిస్కు మీద నొక్కే క్యాలిపర్‌లో పిస్టను చుట్టూ ఉండే రబ్బరు వాషరును. చతురస్రపు కోత ఉన్న ఈ చిన్న ఉంగరం క్యాలిపర్ గోడలోని గాడిలో కూర్చుని పిస్టనును గట్టిగా పట్టుకుని ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడికి పిస్టను ముందుకు జరుగుతుంది. రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. కాలు తీయగానే ఆ మెలిక విడిపోతూ పిస్టనును మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రం వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్కును ఒరుసుకోకుండా ఉండటానికి అది చాలు. మరి ప్యాడ్ అరిగిపోతుంటే? పిస్టను ఇంకా ముందుకు పోవాలి, రబ్బరు అంత మెలి తిరగలేదు, కనుక కొంచెం జారి కొత్త చోట పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఇక అక్కణ్ణించే లెక్క మొదలు. స్ప్రింగు లేదు, బిగించుకోవాల్సిన స్క్రూ లేదు. ఆ రబ్బరు ముక్క సీలు పనీ, స్ప్రింగు పనీ, సర్దుబాటు పనీ ఒంటిచేత్తో చేసేస్తుంది. కొత్త ప్యాడ్లు వేసే ముందు మెకానిక్ సీ-క్లాంపుతో పిస్టనును లోపలికి నెట్టేటప్పుడు బానెట్ కింది డబ్బాలో ఆయిలు మట్టం పైకి రావడం చూడండి. ఇన్నేళ్లుగా ఆ రబ్బరు మెల్లమెల్లగా ముందుకు వదిలిన దూరమంతా అది. ఈ ఏర్పాటు ఇంత సాఫీగా సాగడమే డిస్కుకు చేటు. పెడల్ ఎత్తు మారదు, అరుగుదల కాలికి తెలియదు. డిస్కు ఎంత పలచబడిందో చెప్పేవాడు ఉండడు.

అందుకే కొలవాలి. ఎస్‌యూవీల ముందు డిస్కు నిజానికి రెండు పళ్లేలు, మధ్యలో రెక్కలు. తిరిగేటప్పుడు ఆ రెక్కలు హబ్ దగ్గర గాలిని పీల్చి అంచు నుంచి బయటికి విసురుతాయి. కొత్తదాని మందం 30 మిల్లీమీటర్లు, మధ్య ఖాళీ పది అనుకుందాం. అంచు మీద పోత పోసిన కనీస మందం 28 అని ఉంటే, చూసినవాళ్లు అరిగింది రెండు మిల్లీమీటర్లే కదా, ఏడు శాతం కూడా లేదు అంటారు. కానీ ఖాళీ వేడిని మోయదు. మోసే ఇనుము 20 నుంచి 18కి వచ్చింది, పదో వంతు పోయింది. అంతే బ్రేకు తొక్కినా డిస్కు ఇప్పుడు 70కి బదులు 78 డిగ్రీలు వేడెక్కుతుంది. ఘాట్ మీద ఆ తేడా మలుపు మలుపుకూ పేరుకుపోయి, చివరికి ఆయిలు దాకా పాకుతుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల పైన గానీ మరగదు, గాలిలో తేమ పీల్చుకున్నాక 140 చాలు. ఆయిలు మరిగి బుడగ పడితే పెడల్ నేలకు తగులుతుంది.

దీనికి అనుభవజ్ఞుల అభ్యంతరం ఒకటుంది: లేతు మీద ఫేసింగ్ కొట్టిస్తే సరిపోయేదానికి కొత్త డిస్కు దేనికని. మందం మిగిలి ఉంటే నిజంగానే సరిపోతుంది. కానీ ఫేసింగ్ అంటే చదును కోసం ఇనుమును చెల్లించడం. పలచబడ్డ డిస్కు దగ్గర చెల్లించడానికి ఏమీ ఉండదు. రెండో అభ్యంతరం: పెడల్ కొట్టుకుంటోందంటే డిస్కు బెండయింది కాబట్టి మార్చాలి తప్ప, మందంతో పనేముందని. చాలాసార్లు ఆ డిస్కు వంగి ఉండదు. చుట్టూ మందం ఒకేలా లేక 15, 20 మైక్రాన్ల తేడా వచ్చినా, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేని తేడా, కాలికి తెలుస్తుంది. ప్యాడ్ పదార్థం ఒకచోట ఎక్కువగా అంటుకోవచ్చు. లేదా హబ్ ముఖం మీద తుప్పు పొర డిస్కును కాస్త ఒరిగించి, ఒకే చోట రాసుకునేలా చేయవచ్చు. హబ్‌ను వైర్ బ్రష్‌తో రుద్దకుండా కొత్త డిస్కు ఎక్కిస్తే కొన్ని వేల కిలోమీటర్లకు ఆ కొట్టుకోవడం మళ్లీ వస్తుంది, నింద కొత్త డిస్కు మీద పడుతుంది. విపరీతంగా కాలిన చోట ఇనుమే మారిపోయి గట్టి మచ్చలు పడితే, అవి లోపలికి దిగి ఉంటాయి కనుక పైపై ఫేసింగ్‌కు లొంగవు.

ఇక మిగతా చరిత్రను చకచకా చెప్పేయొచ్చు. 1955లో సిట్రోయెన్ డీఎస్ మామూలు జనం కారుకు ముందు డిస్కులు తెచ్చింది, ఏబీఎస్ వచ్చింది, ఆస్‌బెస్టాస్ పోయింది. నా వాదనకు నిజమైన సవాలు వేడి నుంచి రాలేదు, అరిగిన ఇనుము ఎక్కడికి పోతోందన్న ప్రశ్న నుంచి వచ్చింది. అది గాలిలోకి పోతోంది. ఐరోపా యూరో 7 నిబంధనలు మొదటిసారిగా బ్రేకు ధూళికి హద్దు పెట్టాయి: ఇంజన్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకు 3. అరగడమే డిస్కు ధర్మం అనడం ఇకపై అంత తేలిక కాదు. 2017లో పోర్షే తన కయెన్ ఎస్‌యూవీకి టంగ్‌స్టన్ కార్బైడ్ పూత పూసిన డిస్కులు ఇవ్వజూపింది. ధూళి బాగా తగ్గుతుంది, ముఖం అద్దంలా మెరుస్తుంది. ఆ పూత కింద వేడి మోసేది మాత్రం పోత ఇనుమే, పూత అరిగిన రోజు ఆ డిస్కు కూడా మార్చాల్సిందే.