మిద్దె వేడి సెన్సార్‌కు తెలియదు

మే నెలలో రాత్రి పదకొండు గంటలకు కడప జిల్లా ఎర్రగుంట్లలో ఏ ఇంట్లోనైనా ఏసీ రిమోట్ చూడండి. చాలాచోట్ల 20 అంకె కనిపిస్తుంది. 24 పెడితే ఉక్క పోలేదని 22కు దించుతారు, అదీ చాలక 20కి వస్తారు. ఏసీ చెడిపోయిందేమోనని మెకానిక్‌ను పిలిస్తే గ్యాస్ సరిగ్గానే ఉందంటాడు. ఆయన మాట నిజమే. ఏసీ గాలిని 24కు తెచ్చిందన్నదీ నిజమే. వేడి వస్తున్నది నెత్తిమీది బండల మిద్దె నుంచి. గది వేడిని కొలిచి ఏసీని నడిపించే వైర్‌లెస్ థర్మోస్టాట్ పెట్టించుకోవాలనుకునే వాళ్ళు ఈ ఊళ్ళో ముందుగా లెక్క కట్టాల్సింది ఆ మిద్దెనే.

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది తీసుకుందాం. పైకప్పు 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11 చదరపు మీటర్లు. రెండంగుళాల మందం సున్నపురాయి నాపబండలు పరిచారనుకుంటే, ఘనపు మీటరుకు 2,600 కిలోల చొప్పున ఆ బండల బరువే 1,450 కిలోల దాకా వస్తుంది. కిలో సున్నపురాయి ఒక డిగ్రీ వేడెక్కాలంటే 0.9 కిలోజౌళ్ళు కావాలి. పగలంతా ఎండకు కాగిన బండ మనం కోరుకునే చల్లదనం కంటే 15 డిగ్రీలు ఎక్కువ ఉందంటే, దానిలో దాగిన వేడి దాదాపు 5.4 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి శక్తితో గంటసేపు నడిస్తే లాగే వేడి 5.3 యూనిట్లు. బండలో వేడి కొంత పైకి, ఆకాశంలోకి పోతుంది. కానీ బండల మీద మట్టి, సున్నపు గచ్చు వేసిన పాత మిద్దెల్లో నిల్వ ఇంతకు రెట్టింపు కూడా ఉంటుంది. పొద్దు గూకాక కూడా అది గంటల తరబడి కిందికి దిగుతూనే ఉంటుంది.

ఒంటికి తెలిసే వేడి గాలి ఒక్కదానిది కాదు. చుట్టూ ఉన్న గోడలు, కప్పు ఎంత వేడిగా ఉన్నాయన్నదీ దాదాపు అంతే లెక్కకు వస్తుంది. గాలి 26 ఉండి, గోడలూ కప్పూ సగటున 32 ఉంటే మనకు 29లో ఉన్నట్టే ఉంటుంది. థర్మోస్టాట్‌కు తెలిసేది మాత్రం గాలి వేడే.

ఏసీలో ఆ గాలిని కొలిచేది ఎంత చిన్న వస్తువో చూడాలంటే, స్విచ్ ఆపి, లోపలి యూనిట్ మూత ఎత్తి, జల్లెడ తీయండి. పక్కగా సన్నటి వైరు చివర ధనియం గింజంత నల్లటి పూస క్లిప్పుకు తగిలించి ఉంటుంది. అదే థర్మిస్టర్. వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, ఆ మార్పును బట్టి ఏసీ గది వేడిని లెక్కవేసుకుంటుంది. చిక్కు ఎక్కడంటే, ఆ పూస ఉండేది ఏడెనిమిది అడుగుల ఎత్తులో, మిద్దెకు దగ్గరగా. మనం పడుకునేది రెండడుగుల ఎత్తు మంచం మీద. ఒక్కోసారి ఏసీ చల్లగాలి తిరిగి దానికే తగిలి, గది చల్లబడకముందే కంప్రెసర్ నెమ్మదిస్తుంది. ఒక్కోసారి పైన నిలిచిన వేడిగాలి తగిలి, మంచం దగ్గర చలివేస్తున్నా ఆగదు. వైర్‌లెస్ థర్మోస్టాట్ వల్ల అసలు లాభం ఇక్కడుంది. కొలిచే చోటును గోడపైనుంచి మంచం పక్కకు తేవచ్చు.

దీనికి కొత్త పరికరం కొనే పని కూడా చాలామందికి ఉండదు. చేతిలో ఉన్న రిమోట్‌నే ఒకసారి తిప్పి చూడండి. ‘ఐ ఫీల్’ అనో ‘ఫాలో మీ’ అనో బటన్ ఉంటే, ఆ రిమోట్‌లోనే ఒక సెన్సార్ ఉన్నట్టు. బటన్ నొక్కితే రిమోట్ తన దగ్గరి వేడిని కొన్ని నిమిషాలకొకసారి ఏసీకి చెబుతుంది. అయితే రిమోట్ ఏసీకి ఎదురుగా కనబడుతూ ఉండాలి. దిండు కింద పెట్టారో, ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పక్కన పెట్టారో, లెక్క తప్పుతుంది.

ఇక అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పంపే గుండ్రటి, అద్దంలాంటి థర్మోస్టాట్ సంగతి. అది మన స్ప్లిట్ ఏసీకి పనికిరాదు, గట్టిగా చెప్పాల్సిన మాట ఇది. అక్కడ చాలా ఇళ్ళలో ఒకే యంత్రం ఇల్లంతటికీ వేడినీ చల్లదనాన్నీ ఇస్తుంది. దాన్ని నడిపించే తీగల్లో ఉండేది 24 వోల్టులే. కరెంటుకు ఒక తీగ, చల్లదనానికి ఒకటి, వేడికి ఒకటి, ఫ్యాన్‌కు ఒకటి ఇలా విడివిడిగా ఉంటాయి. మన గోడలో ఉన్నది 230 వోల్టులు. తెలియక కలిపితే పరికరం కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే. పైగా మన ఇన్వర్టర్ ఏసీలో లోపలి యూనిట్, బయటి యూనిట్ ఆ కంపెనీ సొంత సంకేతాలతో మాట్లాడుకుంటాయి, మధ్యలో పరాయి థర్మోస్టాట్‌కు చోటు లేదు. అసలు 1883లో విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే మాస్టారు విద్యుత్ థర్మోస్టాట్‌కు పేటెంట్ తీసుకున్నది తరగతి గదులను చలినుంచి కాపాడటానికి. కడప జిల్లాలో హీటింగ్ ఊసే అక్కర్లేదు.

ఇక్కడ పనికొచ్చేది వై-ఫై ఇన్‌ఫ్రారెడ్ పరికరం. ఫోన్ నుంచి ఆజ్ఞ అందుకుని, రిమోట్‌లాగే ఏసీకి కిరణం పంపుతుంది. ఉష్ణోగ్రత సెన్సార్ ఉన్న రకమే కొనాలి, లేకపోతే అది దూరం నుంచి నొక్కే రిమోట్ మాత్రమే. దాదాపు ఇవన్నీ 2.4 గిగాహెర్ట్‌జ్ వై-ఫై మీదే పనిచేస్తాయి. రూటర్ 5 గిగాహెర్ట్‌జ్ మీద ఉంటే పరికరం కనబడదు. అడుగున్నర మందం రాతిగోడలు రెండు అడ్డొస్తే 2.4 కూడా నీరసిస్తుంది, కాబట్టి రూటర్ పడసాలలో ఉంటే పరికరాన్ని తలుపుకు సూటిగా పెట్టుకోండి. ఇంకో లోపం, ఇది ఒంటిదారి మాట. ఏసీ విన్నదో లేదో దానికి తెలియదు. కరెంటు పోయి వచ్చాక ఏసీ తనంతట తాను మొదలవుతుందా లేదా అన్నది ముందే చూసుకోవాలి.

సెన్సార్‌ను మంచం ఎత్తుకు కాస్త పైన, రెండు మూడు అడుగుల దగ్గర, లోపలి గోడకు పెట్టడం మేలు. పడమటి రాతిగోడకు తగిలిస్తే అది గాలిని కాక గోడను కొలుస్తుంది. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, టీవీ, ఫ్రిజ్ పక్క కూడా వద్దు. రాత్రి 10కి 25, రెండింటికి 27, ఐదింటికి ఆపేయడం అన్న క్రమంతో మొదలుపెట్టి మీ ఒంటికి తగ్గట్టు సర్దుకోండి. మిద్దె రాత్రి గడిచేకొద్దీ చల్లారుతుంది కాబట్టి అంకె పెంచినా నిద్ర చెడదు.

డబ్బు సంగతికి వస్తే, డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపాలన్న నిబంధన కూడా అందుకే వచ్చింది. ఏసీని 20 మీద రాత్రికి 8 గంటలు నడిపితే గంటకు సగటున 0.8 యూనిట్ అనుకుందాం. నెలకు 192 యూనిట్లు. మిగతా ఇంటికి 150. మొత్తం 342. 2022 ఏప్రిల్‌లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. ఆ లెక్కన కరెంటు ఛార్జీ రూ.2,041. ఏసీ లేకుంటే రూ.567. ఇప్పుడు 20 నుంచి 24కు పెంచితే 46 యూనిట్లు తగ్గుతాయి, ఆ 46 యూనిట్లూ రూ.8.75 శ్లాబులోంచే పోతాయి. నెలకు రూ.400 మిగులుతాయి. ఎండాకాలం మూడు నెలల్లో, వెయ్యి రూపాయల పైచిలుకు పెట్టి కొన్న పరికరం ఖర్చు తిరిగొస్తుంది. పక్కనే కలమల్లలో రాయలసీమ థర్మల్ కేంద్రం 1994 నుంచి కరెంటు తీస్తోంది, ఆరు యంత్రాలు కలిపి 1,650 మెగావాట్లు. ఆ 46 యూనిట్లకు అక్కడ కాలే బొగ్గు 30 కిలోల దాకా ఉంటుంది.

కానీ మిద్దె ఉడుకుతూ ఉంటే 24 దగ్గర ఎవరూ నిలవలేరు. అందుకే నా సలహా, పరికరం కంటే ముందు మిద్దెకు తెల్లసున్నం. ఉగాదికి ఇంటికి సున్నం వేసేటప్పుడే మిద్దె పైన రెండు పూతలు వేయిస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే. రెండోది ఫ్యాన్. ఒంటికి గాలి ఆడితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది, ఖర్చు 75 వాట్లు. బండల మిద్దె కింద సీలింగ్ ఫ్యాన్ కంటే స్టాండ్ ఫ్యాన్ మంచిది, మిద్దెకు అంటుకున్న వేడిగాలిని అది కిందికి తోయదు. ఏసీ లేని ఇళ్ళకు కూలర్ ఉండనే ఉంది. మన ఎండ పొడి ఎండ. 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం మంచి కూలర్ 28 దాకా దించగలదు, కిటికీ తెరిచి ఉంచితే.

ఇవి మీ ఇంట్లో ఎంత పనిచేశాయో మీటరే చెబుతుంది. పడుకునే ముందు మీటరు అంకె, లేవగానే మీటరు అంకె క్యాలెండర్ మీద రాయండి. ఒక వారం 22తో, తరువాతి వారం 26, స్టాండ్ ఫ్యాన్‌తో. ఎండ రెండు వారాలూ ఒకేలా ఉన్న రోజులనే పోల్చండి, వాన పడిన రాత్రిని వదిలేయండి.