అప్పులూ, అంతస్తులూ

నగర జీవితాన్ని కథావస్తువుగా స్వీకరించే మన రచయితలు చార్మినార్ పరిసరాల ఇరుకు సందులను వర్ణించినంత తరచుగా ఆ ఇరుకుకు గల కారణాలను పరిశీలించటం లేదు. ఇరుకు అక్కడి జనం స్వభావమన్నట్టు, పాతదనం దానికదే ఒక అందమన్నట్టు రాయటం పరిపాటి అయింది. నిజానికి ఒక కుటుంబం ఎంత గాలిలో, ఎంత వెలుతురులో బతకాలన్నది చాలావరకు రెండు కాగితాలు నిర్ణయిస్తాయి. ఒకటి నగరపాలక సంస్థ బడ్జెట్. రెండోది భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు. వీటిని కలిపి చదివినప్పుడే వీటి స్వభావం బోధపడుతుంది.

మొదట అప్పు సంగతి. 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల కోసం 2018, 2019 సంవత్సరాల్లో మూడు విడతలుగా బాండ్లు జారీచేసి 495 కోట్ల రూపాయలు సేకరించింది. తొలి విడత 200 కోట్లకు వడ్డీ 8.90 శాతం. చివరి విడత 100 కోట్లకు 10.23 శాతం. బ్యాంకు రుణాలు దీనికి అదనం. బాండు అంటే చేబదులు కాదు. ఇంటిపన్నుగా వచ్చే ఆదాయంలోంచి వడ్డీ, అసలు ముందుగా తీసి పక్కన పెట్టాలి. మురుగు కాలువ, వీధిదీపం ఆ తర్వాతి మాట. అంతమాత్రాన అప్పు చేయటమే తప్పని కాదు. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ప్రజాధనంతోనే రోడ్లు వెడల్పు చేసింది, పేదలకు ఇళ్ళు కట్టింది. ఎవరి అవసరానికి చేసే ఖర్చు, ఎవరు తీర్చే అప్పు అన్నదే ప్రశ్న.

ఇక నిబంధనలు. స్థల విస్తీర్ణాన్ని బట్టి మొత్తం కట్టడ విస్తీర్ణానికి ఉండే పరిమితిని 2006 ఉత్తర్వు తొలగించింది. రోడ్డు వెడల్పు, స్థలం పరిమాణం, చుట్టూ వదలవలసిన ఖాళీ ఎత్తును నిర్ణయిస్తాయి. 2012 ఉత్తర్వూ ఆ బాటలోనే నడిచింది. చూడటానికి అందరికీ ఒకే సూత్రం. కాని వెడల్పయిన రోడ్డు పక్కన ఎకరాల స్థలమున్న వానికి అది ఆకాశాన్ని రాసిచ్చింది. సందులో చిన్న స్థలాన్ని పంచుకున్న అన్నదమ్ములకు ఒకటి రెండు అంతస్తులు ఇచ్చింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి అనుమతి అక్కర్లేదని, ఒక్క రూపాయితో నమోదు చాలని 2020 నాటి సంస్కరణ చెప్పింది. మంచిదే. అయితే కుటుంబం పెరిగి మరో గది పైకి లేపిన రోజున ఆ గృహస్థు ఉల్లంఘనదారు అవుతాడు.

సరిగ్గా ఇక్కడే అప్పూ, నిబంధనా కలుస్తాయి. అక్రమ కట్టడాలను రుసుం తీసుకుని క్రమబద్ధం చేసే పథకాలను 2007లో, 2015లో ప్రకటించారు. ఆ విధంగా ఉల్లంఘన ఆదాయ వనరయింది. రోడ్డు విస్తరణలో స్థలం కోల్పోయిన వారికి నగదు బదులు టీడీఆర్ పత్రం, అంటే బదలాయించదగిన నిర్మాణ హక్కు ఇవ్వటం మరో పద్ధతి. 2017 ఉత్తర్వు ప్రకారం పోయిన స్థలానికి నాలుగు రెట్ల హక్కు వస్తుంది. దానిని అమ్ముకోవచ్చు. కొన్న బిల్డరు మరోచోట అదనపు అంతస్తు వేసుకుంటాడు. ఖజానాలో డబ్బు లేని సంస్థ అంతస్తులతో బాకీ తీరుస్తున్నదన్నమాట. పాతబస్తీలో ఒక ఇంటి ముందుగది పోతే, నగరానికి పడమట ఒక అంతస్తు లేవవచ్చు.

ఇరుకుకు చెల్లించే మూల్యం రూపాయల్లోనే ఉండదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో పసిపిల్లలతో సహా 17 మంది మరణించారు. ఆ ఇంటికి రాకపోకలకు ఉన్నది ఇరుకైన దారి.

మరి కౌన్సిల్ ఏం చేస్తున్నది? 2025 జనవరి 30న 8,440 కోట్ల బడ్జెట్ గందరగోళం మధ్య ఆమోదం పొందింది. పత్రికలు ఆ కేకలనే వర్ణించాయి. గమనించవలసింది వేరు. అప్పు చేయటానికి రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నిర్మాణ నిబంధనలు ప్రభుత్వ ఉత్తర్వులుగా వస్తాయి. బస్తీకి జవాబు చెప్పవలసిన కార్పొరేటర్ చేతిలో ఈ రెండూ లేవు. అధికారం లేని వేదికపై కేకలు మిగలటంలో వింత లేదు.

‘అభివృద్ధి’, ‘క్రమబద్ధీకరణ’ వంటి మాటలు ఎవరి ఇంటిని పెంచుతున్నాయో, ఎవరి గోడను కూలుస్తున్నాయో విడమర్చటం విమర్శకుని పని. పాతబస్తీ కథ రాయబోయే యువ రచయిత మీనార్ల నీడలతో పాటు బడ్జెట్ పుటలనూ ఒకసారి చూడాలి. అప్పుడు అతని కథలోని ఇరుకు దృశ్యంగా మిగిలిపోదు, దానికొక చరిత్ర ఏర్పడుతుంది.