బర్మావారి ఙపి



మన బాలశిక్షలో ‘ఙ’కారమును వల్లించితిమే కాని దానితో మొదలగు మాట నెన్నడును వ్రాసి యెఱుగము. బర్మాభాషలో నట్టి మాటలు కలవు. ‘ఙ’ యనగా చేప. ‘పి’ యనగా అదిమినది. ఉప్పువేసి దంచి యూరబెట్టిన చేపముద్దయే ఙపి. తెలుగువారికిది బొత్తిగా క్రొత్తది గాదు. గోదావరి, విశాఖ ప్రాంతములనుండి రంగూనుపోయి కూలిచేసిన మనవారిని అచ్చటివారు కోరంగి రేవు పేర ‘కోరంగీ’లని పిలిచిరి. 1942లో యుద్ధభయమున ననేకులును, 1964 తరువాత మఱికొందఱును మరలివచ్చిరి. అట్టివారి యిండ్లలోనే నేను దీని సంగతి వింటిని. శాకాహారినగు నేను దీనిని గుఱించి ప్రసంగించుట వింతగ దోచవచ్చును. కాని వంటలోని శాస్త్రము తెలిసికొనుటకు నాలుక యేల?

చిన్నచేపలనో రొయ్యలనో యెండలో నొకింత యార్చి, ఉప్పు కలిపి రోట దంచి, జాడీల కెక్కించి నెలల తరబడి యుంచుదురు. ఉప్పు నీటిని లాగివేయుటచే క్రుళ్లించు సూక్ష్మజీవులు పెరుగజాలవు. మన ఆవకాయను కాపాడునదియు నదియే. అంతట చేప దేహమందలి జీర్ణరసములే దాని మాంసకృత్తులను మెల్లగ విడగొట్టును. అట్లు విడివడిన వానిలో గ్లుటామికామ్ల మొకటి. 1908లో జపానుదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఇకెదా కికునాయె సముద్రపు నాచునుండి దీనిని వేఱుచేసి, దాని రుచికి ‘ఉమామి’ యని పేరిడెను. మన షడ్రసములలో నిది చేరలేదు. చేర్చవలెనా యని పండితులు తర్కింపవచ్చును; నాకైతే చేర్చుటయే న్యాయమని తోచుచున్నది.

ఇక ఆరోగ్యము మాట. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు తక్కువ యుప్పే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వియత్నాము చేపరసమైనచో ఒక్క పెద్ద చెంచాడులోనే 3 గ్రాములకు పైగా నుప్పుండును. కావున రక్తపుపోటు గలవారు వైద్యు నడుగక ఇట్టివాని జోలికి పోరాదు. తక్కినవారు దీనిని వేసిన కూరలో వేఱుగ నుప్పు వేయరాదు. రుచి గాఢమగుటచే నిసుమంతయే చాలును. మాంసకృత్తులున్నవి గదా యని గరిటెలతో తినువాడు ఉప్పునే తినుచున్నాడు. ఊరినది గదా యని పచ్చిగా తినుటయు మంచిది కాదు. ఆ దేశములలో కొన్నిచోట్ల మంచినీటి చేపలయందు కాలేయమును పట్టు పురుగుల పిల్లలుండును; బాగుగ నుడికించిన నవి చచ్చును.

బర్మావారి పద్ధతి చూడుడు. ఙపిని నీటిలో మరగించి, వెల్లుల్లి, మిరప కలిపి చిన్నగిన్నెలో నడుమ నుంచుదురు. చుట్టును దోసముక్కలు, ఉడికిన బెండకాయలు, లేత యాకులు. ముక్క కొన యొకింత ముంచి యన్నముతో తిందురు. ఇంటిల్లిపాదికిని గిన్నె యొక్కటే.