గీతకు బరువునిచ్చే కలం

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ సామాన్ల దుకాణాల మధ్య పెన్ ట్యాబ్లెట్ కోసం, అంటే కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే పలక కోసం, తిరిగేవాళ్లలో, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి డిజైన్ చదువులకు వచ్చిన మన పిల్లలూ ఉంటారు. పెట్టె మీద పెద్దగా అచ్చేసిన 8,192 అనే అంకె ముందుగా కంట పడుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో అది 16,384. పెన్ను గుర్తించగల ఒత్తిడి స్థాయిల లెక్క అది. నన్నడిగితే కొనేటప్పుడు ఆఖరున చూడాల్సిన అంకె అదే.

అలాగని ఒత్తిడి చిన్న విషయం కాదు. బాపు బొమ్మలో జడనో పమిట అంచునో చూడండి. గీత సన్నగా మొదలై, మలుపులో నిండుగా ఒళ్లు చేసి, మళ్లీ సన్నబడి ఆగుతుంది. ఆ ఒంపులో ప్రాణమంతా చెయ్యి ఎక్కడ ఒత్తింది, ఎక్కడ వదిలింది అన్నదాంట్లోనే ఉంది. మౌస్‌కు ఆ సంగతి తెలియదు. చోటు చెబుతుంది, నొక్కారో లేదో చెబుతుంది, అంతే.

తెర మీద చేత్తో రాయడం బెంగళూరుకు పాత ముచ్చటే. ఐఐఎస్‌సీ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజినీర్లు ఇంగ్లిష్ రానివాళ్లకూ పనికొచ్చేలా రూపొందించిన సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్, 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చింది. స్టైలస్‌తో ఏ లిపిలోనైనా రాసి, ఆ చేతిరాతనే మెయిల్‌గా పంపగలిగేవాళ్లు. అయితే ఆనాటి చేతి పరికరాల తెరలు సాధారణంగా స్టైలస్ తాకిన చోటునే పట్టుకునేవి. గీతకు బరువు కావాలంటే వేరే విద్య కావాలి.

1983లో జపాన్‌లో మొదలైన వాకామ్ సంస్థ ఆ విద్యను ఊరూరా తెలిసేలా చేసింది. పలక అడుగున సన్నని తీగచుట్టల వల ఉంటుంది. అది విద్యుదయస్కాంత తరంగాలను వదులుతూ, మధ్యమధ్య ఆగి వింటూ ఉంటుంది. పెన్నులో ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్. తంబురాలో ఒక తీగ మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ కదిలినట్టు, పెన్ను ఆ తరంగానికి స్పందించి తిరిగి సంకేతం పంపుతుంది. ఏ తీగచుట్టలకు బలంగా వినిపించిందో చూసి పలక చోటు లెక్కగడుతుంది. నిబ్ లోపలికి నొక్కుకునే కొద్దీ ఆ శ్రుతి కొద్దిగా మారుతుంది. ఆ మార్పే ఒత్తిడి. పెన్నుకు బ్యాటరీ అక్కర్లేదు.

ఇక కొనే మాటకొస్తే, కుంచె మందం 40 పిక్సెళ్లే అయితే 8,192 మెట్లలో చాలావాటి మధ్య తేడా కంటికి ఆనదు. ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుందన్నదే అసలు పరీక్ష. మంచి పెన్ను ఒకటి రెండు గ్రాముల బరువుకే పలుకుతుంది. తర్వాత పలకను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రెషర్ కర్వ్‌ను, అంటే ఎంత ఒత్తితే గీత ఎంత లావవ్వాలన్న లెక్కను, మీ చేతికి తగ్గట్టు దిద్దుకోవాలి. గట్టిగా ఒత్తే అలవాటున్నవాళ్లు దాన్ని మార్చకుండా వదిలేస్తే గీతలన్నీ లావుగానే వస్తాయి, మణికట్టూ నొప్పెడుతుంది.

తెలుగు అక్షరాలు రాసేవాళ్లు ఇంకోటి తప్పకుండా చూసుకోవాలి. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి 16:10, తెరది 16:9 అయితే చేత్తో గుండ్రంగా చుట్టిన సున్న తెర మీద అడ్డంగా సాగుతుంది. మన లిపి నిండా గుండ్రాలే కాబట్టి రాత మొత్తం చెడుతుంది. డ్రైవర్‌లో నిష్పత్తిని కలిపితే సరిపోతుంది.

దుకాణంలో పరీక్షించనిస్తే, స్కేలు ఆన్చి ఏటవాలుగా చాలా నెమ్మదిగా ఒక గీత గీయండి. గీత వణికితే ఆ పలక వద్దు. బొమ్మలు వేయడానికి క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, కాబట్టి డబ్బంతా పలక మీదే పెట్టవచ్చు. వస్తూ వస్తూ విడి నిబ్బులు కూడా అడగండి. గరుకు పలక మీద అవి త్వరగా అరిగిపోతాయి.