చిన్న వ్యాపారంలో ప్రతిఫలం, నష్టభయం: తాండూరు కందిపప్పు మిల్లు ఉదాహరణ

పరిచయం

మీలో కొందరు ఉద్యోగం చేస్తూ, మరికొందరు ఇంటి దుకాణంలో కూర్చుని ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. "ఈ ఉద్యోగం మానేసి సొంతంగా ఏదైనా పెడితే ఎలా ఉంటుంది?" అన్న ఆలోచన వికారాబాద్ నుంచి రోజూ రైల్లో హైదరాబాద్ వైపు వెళ్లివచ్చే వారికి కొత్తది కాదు. ఆ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పడం ఈ పాఠం పని కాదు. జవాబును మీరే లెక్కకట్టుకునే పద్ధతిని ఇక్కడ నేర్చుకుంటారు.

ఉదాహరణకు దూరం వెళ్లనక్కరలేదు. 2016లో ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో తాండూరు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి రెండు: కందులు, నాపరాయి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. కాబట్టి పప్పు మిల్లు పెట్టాలనుకునే వ్యక్తి కష్టాన్నే మన లెక్కకు తీసుకుందాం.

కొనే ధర తెలుసు, అమ్మే ధర తెలియదు

రిచర్డ్ కాంటిలన్ అనే ఆర్థికవేత్త గ్రంథం 1755లో అచ్చయింది. వ్యవస్థాపకుడంటే తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మేవాడు అన్నది అందులోని ముఖ్య భావన. పప్పు మిల్లుకు ఇంతకంటే సరిపోయే నిర్వచనం దొరకదు. కందులు కొన్నరోజే వాటి ధర ఖాయమవుతుంది. వాటిని శుభ్రపరచి, నూనెో నీళ్లో పట్టించి, ఎండబెట్టి, పొట్టు తీసి, పప్పుగా అమ్మే నాటికి బజారు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

1921లో ఫ్రాంక్ నైట్ ఇంకొక మెట్టు ముందుకు వెళ్లి, నష్టభయాన్ని అనిశ్చితత్వం నుంచి వేరు చేశాడు. అగ్నిప్రమాదం, దొంగతనం వంటివి ఎంత తరచుగా జరుగుతాయో గత అనుభవాన్ని బట్టి అంచనా వేయవచ్చు. ఇవి నష్టభయాలు. వీటికి బీమా దొరుకుతుంది. వచ్చే ఏడాది కందిపప్పు ధర ఎంత ఉంటుందన్నది అనిశ్చితత్వం. దానికి బీమా కంపెనీ పాలసీ ఇవ్వదు. నైట్ దృష్టిలో అసలైన లాభం ఈ రెండో దానిని భరించినందుకు వచ్చే ప్రతిఫలమే.

ఒక నెల లెక్క

ఈ కింది అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి ఊహించుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

నెలకు 18,000 రూపాయల జీతం వదులుకుని, 2 లక్షల సొంత డబ్బుతో, మిగతాది అప్పు తెచ్చి మీరు మినీ పప్పు మిల్లు పెట్టారనుకుందాం. నెలకు 50 క్వింటాళ్ల కందులు, క్వింటాలు 7,500 చొప్పున కొంటే 3,75,000 రూపాయలు. నూటికి 70 పాళ్లు పప్పు వస్తే 35 క్వింటాళ్లు. కిలో 120కి అమ్మితే 4,20,000. పొట్టు, నూక మీద ఇంకో 24,000. మొత్తం రాబడి 4,44,000. కందుల ఖరీదు పోను 69,000 మిగులుతుంది. అందులో కరెంటు, కూలీలు, సంచులు, రవాణాకు 25,000, అద్దె 6,000, బ్యాంకు కిస్తీ 12,000. చివరికి చేతిలో 26,000.

దీనినే చాలామంది లాభం అంటారు. కానీ మీరు వదులుకున్న 18,000 జీతం కూడా ఈ వ్యాపారానికి ఖర్చే. సొంత 2 లక్షలు బ్యాంకులో ఉంటే ఏడాదికి 6 శాతం చొప్పున నెలకు 1,000 వచ్చేది. ఈ రెండూ కలిసి అవకాశ వ్యయం. అది తీసేస్తే మిగిలేది 7,000. అనిశ్చితత్వాన్ని భరించినందుకు మీకు నెలకు దక్కే కూలి అది. ఇల్లు వదలకుండా, ఎవరి కిందా పనిచేయకుండా బతకడం కూడా ప్రతిఫలమే. దానికి మీరు ఎంత విలువ కడతారో మీకే తెలియాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. కందులు కొన్నాక పప్పు ధర 10 శాతం తగ్గి కిలో 108కి చేరితే, 3,500 కిలోల మీద 42,000 పోతుంది. 26,000 మిగులు బదులు 16,000 నష్టం. నిజానికి ధర ఆరు శాతానికి కాస్త పైన తగ్గితే చాలు, నెల కష్టం సున్నా అవుతుంది. పెద్ద టర్నోవరు మీద సన్నని మిగులు ఉండే వ్యాపారాలన్నింటిలో ఉండే చిక్కు ఇదే.

ఇంతగా ధర తగ్గుతుందా అంటే, తగ్గిన చరిత్ర ఉంది. 2015 చివరలో కందిపప్పు చిల్లర ధర కిలో 200 దరిదాపులకు వెళ్లింది. ఆ ధర చూసి రైతులు విస్తారంగా వేశారు, వానలూ కలిసివచ్చాయి. దేశంలో కంది దిగుబడి 2015-16లో సుమారు 25.6 లక్షల టన్నులు ఉండగా, 2016-17లో 48.7 లక్షల టన్నులకు పెరిగింది. క్వింటాలుకు 5,050 మద్దతు ధర ఉన్నా బజారు ధర అంతకంటే కిందికి పడిపోయింది. పాత ధరకు కొని నిల్వ పెట్టినవారి పరిస్థితి మీరు ఊహించుకోవచ్చు.

విధానాల మార్పు ఇంకొక అనిశ్చితత్వం. 2023 జూన్‌లో కేంద్రం కందిపప్పు, మినప్పప్పుల నిల్వలపై పరిమితి విధించింది. మిల్లరు దగ్గర గత మూడు నెలల ఉత్పత్తి, లేదా వార్షిక సామర్థ్యంలో 25 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకే ఉండాలని అప్పటి ఉత్తర్వు చెప్పింది. పంట వచ్చే కాలంలో ఏడాది సరుకు చవకగా కొని పెట్టుకుందామన్న ఆలోచనకు ఇలాంటి పరిమితి అడ్డుపడవచ్చు.

ఉద్దెర: కాగితం మీద లాభం, చేతిలో ఖాళీ

చిన్న వ్యాపారాలను ధర పతనం కంటే ఎక్కువగా కుంగదీసేది ఉద్దెర అని ఈ పాఠ రచయిత అభిప్రాయం. ధరలు బాగున్నప్పుడు కూడా అది దెబ్బతీయగలదు.

మొదటి రోజు కందులు కొన్నారు. నెలాఖరుకు పప్పు అమ్మారు. కొన్న వ్యాపారి 45 రోజుల గడువు అడిగాడు. డబ్బు 75వ రోజున వస్తుంది. మిల్లు ఆగకూడదంటే 31వ రోజున, 61వ రోజున మళ్లీ కొనాలి. అంటే మొదటి రూపాయి చేతికి రాకముందే మూడుసార్లు కొనుగోలు, 11,25,000 రూపాయలు. ఇదే నిర్వహణ మూలధనం. ఒక నెల కొనుగోలుకు మాత్రమే డబ్బు సిద్ధం చేసుకుని, మిగతా 7,50,000కు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెస్తే, నెలకు 15,000 మిత్తి. మీ 26,000 కాస్తా 11,000 అవుతుంది. వదులుకున్న జీతమే 18,000.

చట్టం మీ పక్షానే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించరాదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. దీనికి ముందుగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. అయితే తన సరుకులో సగం కొనే ఒకే ఒక వ్యాపారి మీద ఫిర్యాదు చేయడానికి ఎవరు ముందుకు వస్తారు? చట్టం ఉపయోగపడాలన్నా మీకు నలుగురైదుగురు కొనుగోలుదారులు ఉండాలి.

అప్పు, రాయితీ, ఇల్లు

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద తయారీ యూనిట్లకు 50 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయం మీద రాయితీ ఉంది. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర ప్రత్యేక వర్గాలకు 35 శాతం. సొంత వాటా వరుసగా 10, 5 శాతం. ఇక్కడ ఒక విషయం గమనించండి. రాయితీ సొమ్ము వెంటనే మీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. ప్రాజెక్టు వ్యయంలో చేర్చే నిర్వహణ మూలధనం కూడా ఒక చక్రానికే. మన లెక్కలో కావలసింది మూడు కొనుగోళ్ల డబ్బు.

సొంత వ్యాపార సంస్థలో ఋణబాధ్యత అపరిమితమని మీకు తెలుసు. మిల్లు మునిగితే అప్పు మిల్లుతో ఆగదు, ఇంటి దాకా వస్తుంది. అందుకే "ఎంత సంపాదిస్తాను" అనే ప్రశ్న కంటే ముందు "ఎంత పోయినా ఇల్లు నిలబడుతుంది" అనే ప్రశ్న వేసుకుని, ఆ అంకెను కుటుంబంతో కూర్చుని రాసుకోవాలి.

నాపరాయి సంగతి

తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌లో నష్టం ఈ పద్ధతిలో రాదు. రాయి పాడవదు, ధర నెలలో కూలదు. కానీ ఇళ్లలో టైల్స్ వాడకం పెరిగేకొద్దీ బండలకు గిరాకీ తగ్గుతుంది. ఇది ఏళ్ల తరబడి సాగే మార్పు కాబట్టి ఏ ఒక్క నెల లెక్కలోనూ కనిపించదు. పైగా రాయి కోసే యంత్రం వేరే పనికి పనికిరాదు. అమ్మబోతే కొనేవారూ అదే గిరాకీని నమ్ముకున్నవారే. ఏ యంత్రమైనా కొనేముందు దాన్ని తిరిగి ఎంతకు అమ్మగలరో కనుక్కోండి.

నష్టభయాన్ని తగ్గించే ఒక దారి

పప్పు మిల్లుకు ఇంకో పద్ధతి ఉంది. రైతులు, ఇరుగుపొరుగు తెచ్చిన కందులను కూలికి పట్టి ఇవ్వడం. సరుకు వారిది, కాబట్టి ధర పడినా మీకు సంబంధం లేదు. ఉద్దెర బెడద తక్కువ, నిర్వహణ మూలధనం దాదాపు అక్కరలేదు. క్వింటాలుకు కూలి 600, దానికి అయ్యే చర వ్యయం 250 అనుకుంటే, క్వింటాలుకు 350 మిగులుతుంది. అద్దె, కిస్తీ కలిపి స్థిర వ్యయం 18,000. దానిని 350తో భాగిస్తే సుమారు 52 క్వింటాళ్లు. ఇది లాభనష్టరహిత స్థానం. ధర పెరిగినప్పుడు వచ్చే లాభం మాత్రం ఈ పద్ధతిలో మీకు రాదు. కొందరు మొదటి రెండేళ్లు కూలికి పట్టి, కొనుగోలుదారులను పరిచయం చేసుకున్నాక కొద్దికొద్దిగా సొంత సరుకు మొదలుపెట్టవచ్చు.

మీ అవగాహనను సరిచూసుకోండి

1. కూలి పద్ధతిలో స్థిర వ్యయంతో పాటు వదులుకున్న 18,000 జీతం కూడా రావాలంటే నెలకు ఎన్ని క్వింటాళ్లు పట్టాలి? మీ ఊళ్లో అన్ని కందులు వస్తాయా?

2. కొనుగోలుదారు 45 రోజులకు బదులు 15 రోజుల్లో చెల్లిస్తే, మొదటి డబ్బు వచ్చేలోగా ఎన్నిసార్లు కొనాలి? దానికి ఎంత నిర్వహణ మూలధనం కావాలి?

3. మీకు తెలిసిన ఒక చిన్న వ్యాపారిని అడిగి, ఆయనకు రావలసిన ఉద్దెర ఎంతో, నెల అమ్మకంలో అది ఎన్నో వంతో రాయండి.