చీతా చెట్టు ఎక్కడుందో రైతుకు తెలిస్తే...

చిరుతపులి వేరు, చీతా వేరు. చిరుత ఒంటిమీద మచ్చలు పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి. చీతాకు విడివిడి నల్లచుక్కలు, కళ్ల నుంచి నోటిదాకా కన్నీటి చారల్లాంటి గీతలు ఉంటాయి. తమిళనాడులో చదివే మన పిల్లలకు ఇది ‘సివింగి’. ధైర్యం గల ఆడపిల్లను మన ఇళ్లలో ‘సివంగి’ అనడం వింటూనే ఉంటాం.

ఒకప్పుడు మన రాజులు చీతాలను మచ్చిక చేసి జింకల వేటకు వాడారు. కొల్హాపూర్ సంస్థానంలోనూ వాటిని పెంచారు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజు 1947లో మూడింటిని కాల్చాడు. 1952లో మన దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. మళ్లీ 2022 సెప్టెంబరు 17న ఆఫ్రికాలోని నమీబియా నుంచి ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునోకు వచ్చాయి. మరి నమీబియాలో అవెలా మిగిలాయి?

రైతు భూమిలోనే నివాసం

అక్కడ చీతాలు ఎక్కువగా ఉండేది అభయారణ్యాల్లో కాదు, రైతులు పశువులను మేపుకునే భూముల్లో. అడవుల్లో సింహాలు, హైనాలు చీతా కూనలను చంపుతాయి, అది పట్టిన వేటను లాక్కుంటాయి. రైతుల భూముల్లో ఆ బెడద తక్కువ. కానీ దూడ పోతే రైతు ఊరుకోడు కదా! 1980లలో రైతులు చాలా చీతాలను బోన్లలో పట్టారు, కాల్చారు.

చీతాలు పదేపదే వచ్చే చెట్లు కొన్ని ఉంటాయి. మూత్రం చల్లి, వాసన చూసి, అక్కడే ఒకదాని జాడ మరొకటి తెలుసుకుంటాయి. రైతులు ఆ చెట్టు చుట్టూ ముళ్లకంప వేసి, సందులో బోను పెట్టేవారు. ఒకటి పోతే ఆ చోటికి మరొకటి వచ్చేది.

మంద మారింది, నష్టం తగ్గింది

శాస్త్రవేత్తలు చీతాల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, ఆ చెట్లున్న చోట్లను గుర్తించి రైతులకు చూపించారు. చిన్న దూడలున్న మందలను రైతులు అక్కడి నుంచి దూరంగా మార్చారు. 2020లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం దూడల నష్టం 86 శాతం తగ్గింది.

మేకలు, గొర్రెలకు కాపలా కుక్కలున్నాయి. చీతా పరిరక్షణ సంస్థ ఒకటి 1994 నుంచి టర్కీ జాతి కుక్కపిల్లలను రైతులకు ఇస్తోంది. అవి మందలోనే పెరిగి, దాన్ని తమదిగా భావిస్తాయి. దెబ్బ తగిలితే పరుగెత్తలేదు, పరుగెత్తలేకపోతే తిండి లేదు. అందుకే కుక్క గట్టిగా మొరిగితే చీతా వెనక్కి తగ్గుతుంది.

వేటగాళ్ల సంగతి ఇంకా తేలలేదు. నమీబియా నుంచి ఏడాదికి 150 చీతాల వరకు ఎగుమతికి అంతర్జాతీయ ఒప్పందం అనుమతిస్తోంది, వేటాడినవీ అందులోనే. ఆ ఆదాయం ఉంటే రైతు చీతాను సహిస్తాడని కొందరు, చంపి కాపాడటమేమిటని మరికొందరు అంటున్నారు.

కునో చుట్టూ కూడా మేకల కాపరులున్నారు. వాళ్ల మంద భద్రంగా ఉంటేనే చీతా భద్రంగా ఉంటుంది. మీ ఊరి గొర్రెల కాపరిని ఒకసారి అడగండి: తోడేలు ఏ దారిన వస్తుంది? ఏ వేళకు వస్తుంది? ఆయన చెప్పింది రాసుకుని, తరగతిలో చదవండి.